అయోనియన్ సముద్రంలో వారం రోజులు: ఏ పుస్తకం కొన్నాను, ఏ చార్టు పనికొచ్చింది

2023 నవంబర్ 19, ఆదివారం రాత్రి గ్రీసులో వారం రోజులకు తెరచాప పడవ బుక్ చేశాం. 2024 జూన్ 8 శనివారం నుంచి 15 శనివారం దాకా, లెఫ్కాడా అనే ద్వీపంలో మెరీనాలో (పడవలు కట్టేసే రేవు) ఎక్కి మళ్ళీ అక్కడే దిగాలి. 34 అడుగుల పడవ. కెప్టెన్ ఉండడు, అంటే కెప్టెన్ నేనే. మేం ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటాం. వచ్చేది ముగ్గురం: నేను, మా ఆయన, మా మరిది. మా ఆయనకి పడవ మీద టీ పెట్టడం వచ్చు, వాంతి చేసుకోవడం వచ్చు. మరిదికి కంప్యూటర్లన్నీ వచ్చు. నేను రెండు వేసవులు సౌతాంప్టన్ దగ్గర వేరేవాళ్ళ పడవల్లో తాళ్ళు లాగాను, అంతే.

డబ్బు కట్టిన మర్నాటి నుంచే టెన్షన్ మొదలైంది. పడవ దొరికింది సరే, దారి ఎవరు చెప్తారు?

దారి చెప్పేవి రెండు రకాలు. చార్టు అంటే లోతులు, రాళ్ళు, దీపస్తంభాలు గుర్తించిన సముద్రపు పటం. పైలట్ బుక్ అంటే ఏ రేవులోకి ఎటునుంచి రావాలి, లంగరు ఎక్కడ దిగుతుంది, ఎక్కడ జారుతుంది, ఏ గాలికి ఆ రేవు పనికిరాదు, మంచినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలి అని మాటల్లో చెప్పే పుస్తకం. నేను వీటిని పూర్తిగా తప్పు వరసలో కొన్నాను. ఈ రాసేదంతా అందుకే.

మొదట కొన్నది ఫోన్‌లో, టాబ్లెట్‌లో చార్టులు చూపించే యాప్. 2024 జనవరి 14న, పండగ హుషారులో. నావియానిక్స్, సీ-మ్యాప్ రెండూ ట్రయల్‌లో చూసి ఒకదానికి ఏడాది చందా కట్టాను, 40 పౌండ్ల పైచిలుకు. కట్టిన రోజు నుంచే ఏడాది లెక్క మొదలవుతుందని అప్పుడు తట్టలేదు. పడవ ఎక్కేది జూన్‌లో. దాదాపు ఐదు నెలల చందా సోఫాలో కూర్చుని గ్రీసు తీరాన్ని వేళ్ళతో జరపడానికి ఖర్చయింది. మీరు కొనేటట్లయితే బయలుదేరడానికి మూడు నాలుగు వారాల ముందు కొనండి. మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకుని, చేతికి అలవాటు కావడానికి ఆ టైము చాలు.

రెండో దెబ్బ టాబ్లెట్. ఇంట్లో దానిమీద మా పడవ బొమ్మ చక్కగా రెడింగ్‌లో కనిపించేది. ఒక శనివారం లండన్ రైల్లో తెరిచి చూస్తే బొమ్మ కదలదు. రైలు స్లౌ దాటింది, బొమ్మ మాత్రం మా వంటింట్లోనే ఉంది. వైఫై మాత్రమే ఉండే ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదట. సిమ్ కార్డు పెట్టుకునే రకంలోనే ఉంటుంది. చుట్టుపక్కల వైఫైలను చూసి ఎక్కడుందో ఊహిస్తుంది, అంతే. సముద్రం మధ్యలో వైఫై ఎవరు పెడతారు? విడిగా బ్లూటూత్ జీపీఎస్ డబ్బా కొనుక్కోవచ్చు గానీ ఇంకో ఎనభై తొంభై పౌండ్లు పెట్టడానికి మనసు రాలేదు. అదే యాప్ ఫోన్‌లో వేసి, ఫోన్ హాట్‌స్పాట్‌తో టాబ్లెట్ పని జరుపుకుందాం అనుకున్నాం. ఇది అరకొరగా పనిచేసింది, నమ్ముకోదగ్గది కాదు.

ఇక పుస్తకాలు. గ్రీసు మొత్తానికి అందరూ చెప్పే పుస్తకం ఇమ్రే వాళ్ళు వేసే రాడ్ హైకెల్ ‘గ్రీక్ వాటర్స్ పైలట్’. అప్పట్లో కొత్తది 50 పౌండ్ల చిల్లర. జనవరి 27న సెకండ్ హ్యాండ్‌లో పోస్టేజీతో కలిపి 12 పౌండ్లకు దొరికింది. తొమ్మిది రోజులకు వచ్చింది. ఇటుకంత బరువు, పాత ఇంటి తడి వాసన. ఎంత ఆదా చేశానో అని రెండు వారాలు మురిసిపోయాను. తర్వాత తేదీ చూశాను. పదిహేనేళ్ళ కిందటి ముద్రణ.

సముద్రం మారదు కదా అనుకుంటాం. రేవులు మారతాయి. 2015 నవంబర్ 17న లెఫ్కాడాలో పెద్ద భూకంపం వచ్చింది, పడమటి తీరంలో కొండచరియలు బీచిల మీదికి జారాయి. 2020 సెప్టెంబరులో ఇయానోస్ అనే తుపాను పక్కనున్న ఇథాకా, కెఫలోనియా ద్వీపాల మీదుగా పోయింది. కాకినాడలో పెరిగినదాన్ని, మధ్యధరాలో కూడా తుపాను వస్తుందని చదివి కాసేపు అలా ఉండిపోయాను. నా పన్నెండు పౌండ్ల పుస్తకానికి ఈ రెండూ తెలియవు. ప్రచురణకర్తలు వెబ్‌సైట్‌లో సవరణలు ఉచితంగానే పెడతారు, కానీ అవి ఇటీవలి ముద్రణలకు. నా పాతదానికి సవరణలు ఎప్పుడో ఆగిపోయాయి.

చివరికి ఏప్రిల్‌లో కొత్త పుస్తకం కొనక తప్పలేదు. గ్రీసు మొత్తం పుస్తకం కాదు, అదే రచయిత అయోనియన్ ప్రాంతానికి విడిగా రాసింది. ఉత్తరాన కోర్ఫూ ద్వీపం నుంచి దక్షిణాన జాకింథోస్ ద్వీపం దాకా, పక్కనున్న ప్రధాన భూభాగం తీరంతో సహా ఉంటుంది. దాదాపు 38 పౌండ్లు. వారం రోజుల ప్రయాణానికి గ్రీసు మొత్తం మోసుకుపోవడంలో అర్థం లేదని నాకు మూడు నెలలకు తెలిసింది. దాంతోపాటు ఇమ్రే జీ12 కాగితం చార్టు, పాతిక పౌండ్ల పైన. లెఫ్కాడా నుంచి జాకింథోస్ దాకా ఒకే కాగితం. తడిసినా చిరగని రకం, చిన్న చిన్న రేవుల పటాలు కూడా వేశారు. చార్టు మీద దిక్కు చూసే పోర్టులాండ్ ప్లాటర్, దూరం కొలిచే డివైడర్లు, పెన్సిలు శీతాకాలం పడవ నడిపే థియరీ క్లాసులో కొన్నవే.

మరిది నవ్వాడు. “వదినా, అడ్మిరాల్టీవాళ్ళే కాగితం ఆపేస్తుంటే నువ్వేంటి కొత్తగా కొంటావ్?” అన్నాడు. వాడి మాటలో సగం నిజం. బ్రిటన్ అడ్మిరాల్టీ కాగితం చార్టులు 2026 చివరికల్లా ఆపేస్తామని 2022లో ప్రకటించింది. జనం గొడవ చేశాక కనీసం 2030 దాకా పొడిగించింది. వాడు తన లాప్‌టాప్‌లో ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి, దానికి విడిగా డబ్బు పెట్టి గ్రీసు చార్టులు కొన్నాడు. ప్రోగ్రాం ఉచితం, చార్టులు కాదు. ఆ సంగతి వాడికీ కొన్నాకే తెలిసింది, అప్పుడు నేను నవ్వాను.

థియరీ క్లాసులో ఒక ఆయన చెప్పిన సంగతి నా బుర్రలోంచి పోలేదు. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచం చుట్టే తెరచాప పడవల పందెంలో టీమ్ వెస్టాస్ విండ్ అనే పడవ హిందూ మహాసముద్రంలో కార్గాడోస్ కారజోస్ దిబ్బల మీదికి రాత్రిపూట పూర్తి వేగంతో ఎక్కేసింది. ప్రపంచంలో మేటి నావికులు, ఖరీదైన పరికరాలు. ఎలక్ట్రానిక్ చార్టుని తగినంత దగ్గరికి జూమ్ చేసి చూడలేదు, అంతే. దూరం నుంచి చూస్తే అక్కడ దిబ్బ ఉన్నట్టే తెలియలేదు. తరతరాలుగా మన తెలుగువాళ్ళున్న మారిషస్‌కి చెందినవే ఆ దిబ్బలు.

మే నెలలో రాత్రి భోజనాలయ్యాక రోజూ ఒక గంట డైనింగ్ టేబుల్ మీద చార్టు పరిచేదాన్ని. ఒక రోజు పుస్తకంలో లెఫ్కాడా దక్షిణ తీరంలో సివోటాకి, వసిలికికి మధ్య ఒడ్డుకి కాస్త దూరంగా నీళ్ళ కింద రాతిగట్టు ఉందని చదివాను. కాగితం మీద వెంటనే కనిపించింది. ఫోన్ తీసి అదే చోటు చూశాను. ఆ వారం ప్రయాణమంతా తెరమీద పట్టేంత జూమ్‌లో అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు. రెండు వేళ్ళతో పెద్దది చేస్తూ పోతే అప్పుడు మెల్లగా పైకొచ్చింది. మా ఆయనని పిలిచి మూడుసార్లు చూపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

దీని వెనక కారణం పెద్ద రహస్యమేమీ కాదు. రాస్టర్ చార్టు అంటే కాగితం పటానికి తీసిన ఫొటో లాంటిది, చిన్నది చేసినా అందులో ఉన్నవన్నీ ఉంటాయి, చదవడం కష్టమవుతుంది అంతే. వెక్టర్ చార్టు ప్రతి రాయినీ ప్రతి అంకెనూ విడిగా దాచుకుని, జూమ్‌ని బట్టి ఏది చూపించాలో తనే నిర్ణయించుకుంటుంది. యాప్‌లన్నీ దాదాపు రెండో రకమే. అందుకని నాకో పద్ధతి పెట్టుకున్నాను: రేపటి దారి ముందు కాగితం మీద పెన్సిలుతో గీయాలి, తర్వాత అదే గీత వెంట ఫోన్‌లో దగ్గరి జూమ్‌లో మొదటి నుంచి చివరి దాకా వేలితో నడవాలి. పావుగంట పని.

పేర్ల గొడవ ఒకటి. చార్టు మీద లెవ్కాస్, యాప్‌లో లెఫ్కాడా, అదే ఊరు. కెర్కిరా, కోర్ఫూ ఒకటే. నాలుగు గ్రీకు మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను: నీసోస్ ద్వీపం, ఓర్మోస్ చిన్న అఖాతం, ఆక్ర అంటే కొమ్ములా సముద్రంలోకి వచ్చిన నేల, ఇఫలోస్ నీటి కింద రాయి. చివరిదాని కింద ఎర్ర గీత.

నాన్నతో ఫోన్‌లో ఇవన్నీ చెప్పేదాన్ని. ఆయన కాకినాడ యాంకరేజ్ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. “మీటర్లా? మన జాలర్లు బారలు లెక్కపెడతారమ్మా. తాడుకి బరువు కట్టి వదిలితే ఎన్ని బారలో చేతికే తెలుస్తుంది,” అన్నారు. పాత ఇంగ్లీషు చార్టుల్లో లోతు కొలిచిన ఫాథమ్ కూడా రెండు చేతులూ చాపినంత పొడవే, అంటే మన బారే.

మార్చిలో సౌతాంప్టన్ దగ్గర ఐదు రోజుల ప్రాక్టికల్, ఐసీసీ సర్టిఫికెట్ (విదేశాల్లో పడవ నడపడానికి చూపించే అర్హత పత్రం), షెంగెన్ వీసా వరసగా అయిపోయాయి. వీసా గురించి రాస్తే ఇంకో కథవుతుంది.

జూన్ 8 మధ్యాహ్నం ప్రెవెజా ఎయిర్‌పోర్టులో దిగాం. టాక్సీ అరగంట లోపే మెరీనాకి చేర్చింది. ఇక్కడ నా మూర్ఖత్వం ఒకటి చెప్పాలి. లెఫ్కాడా కాలువ మీద తేలే వంతెన ఒకటి ఉంది, పగటిపూట గంటకోసారి పడవల కోసం తెరుచుకుంటుంది. దాని వేళలు, ఎలా ఆగాలి, వెనకనుంచి గాలి తోస్తే ఏం చేయాలి అని రెండు రాత్రులు చదివి నోట్స్ రాసుకున్నాను. మెరీనా ఆ వంతెనకి దక్షిణాన ఉంది. మేం వెళ్ళేదీ దక్షిణానికే. పుస్తకంలో పటం మీద అది స్పష్టంగా ఉంది. నేను మాటలు చదివాను గానీ బొమ్మ చూడలేదు.

పడవ అప్పగించిన కుర్రాడు గంటన్నర చూపించాడు. ఇంజను, టాయిలెట్ పంపు, లంగరు మోటారు. చార్ట్ ప్లాటర్ (చార్టు మీద పడవ ఎక్కడుందో చూపించే తెర) ఏదని అడిగితే లోపల బల్ల దగ్గర చూపించాడు. చుక్కాని దగ్గర నిలబడితే అది కనిపించదు! ఎవరో ఒకరు కిందికి దిగి చూసి పైకి అరవాలి. లోతులు అడుగుల్లో పెట్టి ఉన్నాయి. మీటర్లలోకి మార్చడానికి మరిదికి ఇరవై నిమిషాలు పట్టింది. మా పడవ అడుగుభాగం నీటిలోకి 1.8 మీటర్లు దిగుతుంది. తెర మీద 6 చూసి మీటర్లనుకుంటే పడవ నేలకి తగిలినట్టే. అందులోని చార్టు కార్డు కూడా కొన్నేళ్ళ కిందటిది.

బల్ల కింది సొరుగు తెరిస్తే నేను ముప్పై ఎనిమిది పౌండ్లు పెట్టి కొన్న పుస్తకమే ఉంది! ఒక ముద్రణ పాతది. కాఫీ మరకలు, ఉప్పుకి అతుక్కున్న పేజీలు. అంచుల నిండా అంతకు ముందు వారాలవాళ్ళు ఇంగ్లీషులో, జర్మన్‌లో రాసిన పెన్సిలు ముక్కలు: ఇక్కడ లంగరు రెండుసార్లు జారింది, ఇక్కడ పంపులో నీళ్ళు రావడం లేదు, ఇక్కడ కందిరీగలు. చార్టర్ కంపెనీలు చాలావరకు ఒక కాపీ పడవలో పెడతాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే... అయినా కొనేదాన్నే, ఎందుకంటే చదవాల్సింది మే నెలలో. కానీ ఆ పెన్సిలు రాతలు ఏ దుకాణంలోనూ దొరకవు.

9న కాలువలో దారి గుర్తులుగా తేలే బోయాల మధ్య నెమ్మదిగా దక్షిణానికి దిగి మెగనీసి ద్వీపం చేరాం. 10న సివోటా. 11న కెఫలోనియాలోని ఫిస్కార్డో, సాయంత్రం అయ్యేసరికి చోటు ఉండదని పుస్తకం చెప్పింది కాబట్టి పన్నెండున్నరకే వెళ్ళాం. మేం తాళ్ళు కట్టేసి కూర్చున్నాక నాలుగింటినుంచి వచ్చినవాళ్ళ అవస్థ చూశాం. ఆ ఊరు ఈ ద్వీపాల్ని కూల్చేసిన 1953 భూకంపంలో పెద్దగా దెబ్బతినలేదు, అందుకే పాత ఇళ్ళు అలాగే ఉన్నాయి.

12వ తేదీ, బుధవారం. ఫిస్కార్డో నుంచి ఇథాకా ఉత్తరపు కొసను చుట్టి కియోనీ రేవుకి, సుమారు పది నాటికల్ మైళ్ళు. అయోనియన్‌లో వేసవిలో మధ్యాహ్నానికి మైస్ట్రో అనే వాయవ్యపు గాలి లేస్తుంది, చీకటి పడేసరికి పడిపోతుంది. ఆ రోజు ఒంటిగంటకే గాలి వేగం ఇరవై నాట్లు (గంటకి సుమారు 37 కిలోమీటర్లు) దాటింది. కొస చుట్టి ద్వీపం చాటుకి రాగానే హాయిగా ఉంటుందనుకున్నాను. గాలి కొండమీంచి ముద్దలు ముద్దలుగా విరుచుకుపడింది. పడవ ఒక్కసారి ఒరిగి, మా ఆయన టీ గ్లాసు ఎటుపోయిందో ఇప్పటికీ తెలియదు.

సరిగ్గా అప్పుడు టాబ్లెట్ ఆరిపోయింది. వేడెక్కిందని, చల్లబడేదాకా పని చేయనని రాసి నల్లబడింది. రెండు గంటలుగా ఎండలో పెట్టాం, తప్పు మాదే. “ఫోన్ చూడరా!” అని అరిచాను. మరిది ఫోన్ నా ముందు పట్టుకున్నాడు, అదీ నల్లగానే ఉంది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు, నేను చూడలేకపోతున్నాను. నా కళ్ళద్దాలు పోలరైజ్డ్ రకం, తెరను ఒక కోణంలో పూర్తిగా చీకటి చేస్తాయి. కళ్ళద్దాలు తీస్తే నీటిమీద ఎండకి కళ్ళు మూసుకుపోతున్నాయి. ముందు రెండు సందులు: ఒకటి ఫ్రికెస్, ఒకటి కియోనీ. దూరం నుంచి రెండూ ఒకే రకం పచ్చని కొండల మధ్య చీలికలు.

చుక్కాని దగ్గర కూర్చునే కాక్‌పిట్‌లో ప్లాస్టిక్ కవర్లో పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి, రబ్బర్ బ్యాండ్ వేసి పెట్టి ఉంది. రాత్రి చదివిన వాక్యం గుర్తొచ్చింది. కియోనీ ప్రవేశం దగ్గర కొమ్ము మీద మూడు పాడుబడిన గాలిమరలు. “గాలిమరలు వెతకండి! మూడు!” మా ఆయన, అంతదాకా బకెట్ పట్టుకుని కూర్చున్న మనిషి, లేచి నిలబడి వేలు చూపించాడు. “అవిగో. ఒకటి, రెండు... మూడు.” దగ్గరిది ఫ్రికెస్, దాని తర్వాతది మాది. నేను కంగారులో మొదటి సందులోకి తిప్పబోతున్నాను.

తిప్పినా ప్రాణాల మీదికేమీ వచ్చేది కాదు, ఫ్రికెస్ కూడా రేవే. కానీ తెలియని రేవులోకి తెలిసిన రేవనుకుని వెళ్ళడమనే ఆలోచనకే ఆ సాయంత్రం చేతులు వణికాయి. లంగరు రెండోసారికి పట్టింది. తర్వాత ముగ్గురం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి టాబ్లెట్ లోపల నీడలోనే. ఫోన్‌కి 14 పౌండ్ల వాటర్‌ప్రూఫ్ సంచి ఉంది, అందులో నిలువుగా పట్టుకుంటే అద్దాలతోనూ కనిపిస్తుందని కనిపెట్టాం. వేగం, దిక్కు, ఇంకా ఎంతసేపు అనే సంగతులకి ఫోన్‌ని మించింది లేదు. అది ఒప్పుకోవాలి, మరిది కోసం కాదు, నిజం కాబట్టి.

13న కాలమోస్ ద్వీపం. దారిలో పోర్ట్ లియోన్ దగ్గర ఈతకి ఆగాం, అదీ 1953 భూకంపం తర్వాత జనం వదిలేసిన ఊరే. లంగరు వేసి ఫోన్ చూస్తే మేం ఒడ్డుమీద ఆలివ్ చెట్ల మధ్య ఉన్నాం! మూడొంతులు నవ్వు, ఒక వంతు భయం. జీపీఎస్ తప్పు కాదట. అక్కడి చార్టులు కొన్ని పాత కొలతల మీద గీసినవి, ఉపగ్రహం చెప్పే స్థానానికీ వాటికీ కొంత తేడా ఉండొచ్చని పుస్తకం ముందుమాటలోనే హెచ్చరిక ఉంది. అంటే తెర మీద రాయికి ఇరవై మీటర్ల దూరంలో ఉన్నామని ధీమాగా ఉండకూడదు. రాయి దగ్గర కళ్ళు, లోతు కొలిచే మీటరు, ముందు నిలబడ్డ మనిషి, ఇవే.

14న కాలువ గుండా తిరిగి లెఫ్కాడా. డీజిల్ పోయించుకుని ఆరింటికల్లా కట్టేశాం. మొత్తం మీద దారి కోసం నేను పెట్టింది 130 పౌండ్ల లోపు, అందులో పాత పుస్తకం పన్నెండూ దండగ. మరిది చార్టుల ఖర్చు వాడే చెప్పడం లేదు.

15 ఉదయం పడవ అప్పగించే ముందు సొరుగులో పుస్తకం తీసి కియోనీ పేజీలో పెన్సిలుతో రాశాను: ‘మొదటి సందు కాదు. గాలిమరలు మూడూ లెక్కపెట్టండి.’ మరిది నా భుజం మీంచి చూసి, కింద తెలుగులో ‘టాబ్లెట్ ఎండలో పెట్టకండి’ అని చేర్చాడు. ఎవరు చదువుతారురా అంటే, ఎవరో ఒకరు రాకపోతారా వదినా అన్నాడు.

యాప్ చందా 2025 జనవరి 14 వరకే. ఈసారి మే దాకా కట్టను.